పత్తి కట్టె మట్టిలో కలవాలంటే పాత నాగలి చాలదా?

చివరి తీత అయిపోయింది. చేను నిండా నిలువెత్తు పత్తి కట్టె. ఇంటి ముందున్నది పాతికేళ్ల కిందటి ముప్పై అయిదు హెచ్‌పీ ట్రాక్టరు, రెండు కర్రుల నాగలి, మూలన పడి ఉన్న డిస్క్ హారో. కొందరికి అదీ లేదు. ఎద్దుల జత, ఇనుప నాగలి, గుంటక, అంతే. కట్టెను తుంపులు చేసే ష్రెడ్డరు ఊళ్లో ఒకటో రెండో ఉన్నా, మన వంతు వచ్చేసరికి నేలలో పదును పోతుంది. చివరికి చేతికి అందేది అగ్గిపెట్టె. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు రైతు ముందు ఏటా నిలబడే ప్రశ్న ఇది: ఈ పాత సామానుతోనే కట్టెను మట్టిలో కలపొచ్చా? కలిపితే వచ్చే ఏడు విత్తనానికి అడ్డం పడదా?

కలపొచ్చు. నాగలికి ముందు జరగాల్సిన పని జరిగితే పాత నాగలి సరిపోతుంది. చాలా చేలల్లో పని చెడుతున్నది నిలబడ్డ కట్టె మీదికి నేరుగా నాగలి తోలడం వల్ల. కట్టె ముందు నలగాలి, పొట్టి కావాలి. నేలలో కాస్త తడి ఉండగానే పై మట్టితో కలవాలి. తిరగేసే నాగలి ఆ తర్వాతే రావాలి. ఈ వరస ఎందుకో, ఒక్కో పని ఎలా చేయాలో నిదానంగా చూద్దాం.

ఈ మాటలు సరిహద్దుకు ఇవతల తెలంగాణ వైపు వాళ్లకూ పనికొస్తాయి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. అందులోని ముధోల్, భైంసా, కుభీర్ ఆదిలాబాద్ వైపు, బిచ్కుంద, జుక్కల్ నిజామాబాద్ వైపు వచ్చాయి. ఆదిలాబాద్‌లో ఉన్న కిన్వట్ అటు పోయింది. గీత ఎటు గీసినా నేల అదే నల్లరేగడి, పంట అదే పత్తి, సోయా, కంది, జొన్న.

కాలిస్తే పోయేదేమిటి?

ఎకరా పత్తిలో ఎండు కట్టె టన్ను అటూ ఇటూగా మిగులుతుంది. దాని బరువులో దాదాపు సగం కర్బనమే. నిప్పు పెడితే ఆ కర్బనమూ, దానితో పాటు నత్రజని, గంధకంలో చాలా భాగమూ పొగలో పోతాయి. పొటాష్, సున్నం బూడిదలో మిగులుతాయి, గాలి ఉంచినంత వరకు. మరాఠ్వాడా నల్లరేగళ్లలో బంకమట్టి పుష్కలం, సున్నం పుష్కలం, పొటాష్‌కూ సాధారణంగా కొదవ ఉండదు. కొరతంతా సేంద్రియ కర్బనానికీ నత్రజనికీ. అంటే నిప్పు ఈ నేలకు లేనిదాన్ని ఎత్తుకుపోయి, ఉన్నదాన్నే తిరిగి ఇస్తుంది. కాల్చవద్దు అనడానికి నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం ఇదే. పొగ గురించిన మాట దీని తర్వాతే.

పొయ్యిలోకి కట్టె కావలసిన ఇంటి లెక్క వేరు. ఆ అవసరాన్ని తప్పు పట్టకూడదు. అయితే కట్టెను గట్టు మీద మోపులుగా కట్టి తొలకరి దాకా ఉంచుకోవడంలో ఒక ప్రమాదం ఉంది, గులాబీ రంగు పురుగు. కట్టెకు అంటిపెట్టుకుని మిగిలిన గుడ్డి కాయల్లో దాని పిల్లపురుగు ఎండాకాలమంతా నిద్రలో గడుపుతుంది. వానలు పడ్డాక రెక్కల పురుగై బయటికి వస్తుంది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో, రెండు జన్యువుల బోల్గార్డ్-2కు 2006లో అనుమతి వచ్చింది. ఆ రెంటినీ తట్టుకునే గులాబీ పురుగు పదేళ్లు తిరిగేసరికి తయారైంది. 2017లో మహారాష్ట్ర పత్తి రైతులను కుంగదీసింది అదే. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ అప్పటి నుంచీ గట్టిగా చెబుతున్నది కూడా దీని గురించే: డిసెంబరు, మహా అయితే జనవరితో పంట ముగించండి, కట్టెను నిలవ ఉంచకండి. మరో తీతకు ఆశపడి ఫిబ్రవరి, మార్చి దాకా చేను ఉంచితే పురుగుకు ఇంకో తరం పెరిగే చోటు దొరుకుతుంది. అప్పటికి నేలలో తడీ ఆరిపోతుంది. ఆ చివరి తీతలో వచ్చే నాలుగు కిలోల కోసం రెండు నష్టాలు నెత్తిన పెట్టుకోవడం నాకైతే న్యాయంగా తోచదు.

చివరి తీత అయిన వెంటనే చేనులోకి గొర్రెలనూ మేకలనూ వదలడం మన పెద్దలు ఎరిగిన పద్ధతే. అవి ఆకునూ లేత కొమ్మనూ పచ్చి కాయనూ మేసి పోతాయి. కాయతో పాటు పురుగూ పోతుంది. రాత్రి మంద కట్టించుకుంటే పెంట, మూత్రం నేలకు దక్కుతాయి. కట్టె కుళ్లడానికి నత్రజని అవసరం ఎంతో ముందు ముందు చూస్తాం. మంద ఆ లోటులో కొంత తీరుస్తుంది. మందలు దొరికే ఊళ్లో ఉండి కూడా ఈ మెట్టు దాటేయడం పొరపాటు.

కట్టె ఎందుకు త్వరగా కుళ్లదు?

సోయా పొట్టు, మినుము తీగ వాన పడితే కొన్ని వారాల్లో మెత్తబడతాయి. పత్తి కట్టె, కంది కట్టె చెట్టు జాతి. బెరడు గట్టిది, లోపలి చేవను కట్టిపడేసే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ. దాన్ని విడగొట్టే బూజులు కొన్నే ఉంటాయి, వాటికీ తడి, గాలి రెండూ కావాలి. బెరడు చెక్కు చెదరకుండా ఉన్న కట్టెను ఎంత లోతున పూడ్చినా, మరుసటి ఏడు గుంటకకు అదే కట్టె తగిలి పైకి వస్తుంది.

ఈ చిక్కును నూరేళ్ల కిందటే ఎదుర్కొన్న వాళ్లున్నారు. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహోద్యోగి యశ్వంత్ వాడ్ కలిసి ఎరువు తయారీ పద్ధతి ఒకటి రూపొందించారు. ఇండోర్ పద్ధతి అని నేటికీ పిలిచేది దాన్నే. అక్కడి నేల కూడా మనలాంటి నల్లరేగడే, చెత్తలో పెద్ద భాగం పత్తి కట్టె, కంది కట్టె. వాటిని నేరుగా ఎరువు గుంతలో వేస్తే కుళ్లలేదు. వాళ్లు చేసిన పని చాలా చిన్నది. కట్టెను క్షేత్రంలోని బండ్ల బాట మీద పరిచారు. రోజూ తిరిగే ఎద్దుబండ్ల చక్రాల కింద అది నలిగి, చితికి, గోధుమ గడ్డి నలిపినట్టుగా అయ్యాక ఎత్తి వాడుకున్నారు. యంత్రం లేదు, డీజిల్ లేదు. 1931లో ఇద్దరూ కలిసి వెలువరించిన పుస్తకంలో ఈ సంగతి రాశారు.

ఇందులో మనకు పనికొచ్చే సూక్ష్మం ఒకటుంది. కట్టెను ఎంత పొడవుకు నరికామన్న దానికంటే, బెరడు చిట్లి లోపలికి నీరు దిగే దారి ఏర్పడిందా లేదా అన్నదే కుళ్లడాన్ని నిర్ణయిస్తుంది. కొత్త ష్రెడ్డరు చేసేది కూడా అదే, ఒక్క తిరుగులో చేస్తుంది. పాత సామానుతో రెండు మూడు మెట్లలో చేసుకోవాలి. సామాను పాతదైతే వరస ఇంకా జాగ్రత్తగా పాటించాలి.

మొదట ఏం చేయాలి?

కట్టెను వేరుతో సహా లేపాలి. కొడవలితో ఏటవాలుగా కోస్తే మిగిలే మోడు మేకులా ఉంటుంది, పాత టైరుకు అదే శత్రువు. పైగా వేరు బతికి ఉంటే వాన పడగానే చిగురు వేసి రసం పీల్చే పురుగులకు ఆశ్రయమిస్తుంది. చేతితో పీకే ఇనుప పట్టకారు ఉంటే కొద్దిపాటి చేనుకు చాలు. ట్రాక్టరు ఉంటే కల్టివేటర్‌కు వెడల్పు రెక్కలు బిగించి, నాలుగంగుళాల లోతున వేరు తెగేలా ఒకసారి తోలితే కట్టె వదులై పక్కకు ఒరుగుతుంది. అడ్డుపడ్డ కట్టెను ఆగి ఆగి తీసేస్తూ పోవాలి. ఈ పనికి తొందర కూడదు.

లేపిన కట్టెను వరుసలుగా, తర్వాత ట్రాక్టరు పోయే దిశలోనే పడుకోబెట్టి రెండు మూడు వారాలు ఎండనివ్వాలి. ఆ తర్వాత నలగ్గొట్టడం. ఇంటికి బండ్ల బాట ఉంటే హోవర్డ్ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది, బండి చక్రం బదులు ట్రాక్టరు, ట్రాలీ తిరుగుతాయి. చేనులోనే చేయాలంటే డిస్క్ హారో. మూలన పడ్డ ఆ పాత హారో ఈ మొత్తం పనిలో నాగలి కంటే ముఖ్యమైనది. నలుగురూ దాన్ని చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంటుంది.

డిస్క్ కట్టెను ఎలా కోస్తుంది? కింద గట్టి నేల, పైన పదునైన అంచు, రెంటి మధ్య కట్టె. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కోత ఉండదు. నేల ముందే దున్ని మెత్తబడి ఉంటే డిస్క్ కట్టెను కోయకుండా మట్టిలోకి వంచి గుచ్చుతుంది. అందుకే హారో నాగలి కంటే ముందు రావాలి. అంచు మొద్దుబారితే కట్టె మీదెక్కి దొర్లుతుంది. కాబట్టి డిస్కులను ముందు లేతు మిషన్ దగ్గర పదును పెట్టించుకోవాలి. పళ్ల అంచు డిస్కులు ముందు వరుసలో ఉంటే ఇంకా మేలు, అవి కట్టెను జారనివ్వవు. పాత హారోలు తేలిక, కాబట్టి చట్రం మీద ఇసుక బస్తాలు కట్టాలి. మనిషిని మాత్రం ఎక్కించకూడదు, జారితే డిస్కుల కిందికే పోతాడు. డిస్కుల వరుసల కోణం పెంచితే లోతు పెరుగుతుంది, లాగే భారమూ పెరుగుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. పొద్దున మంచుకు కట్టె మెత్తబడి సాగుతుంది, తెగదు. మధ్యాహ్నం ఎండకు పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది. చలికాలం మధ్యాహ్నాలు, పదకొండు నుంచి నాలుగు దాకా, ఈ పనికి సరైన సమయం. ఒకసారి వరుస వెంట, రెండోసారి దానికి అడ్డంగా, సాలు ఇరువాలు తోలాలి. జానెడుకు మించిన ముక్కలు అక్కడక్కడా తప్ప మిగలకూడదు. మిగిలితే మూడోసారి.

తిరగేసే నాగలి ఏం చేస్తుంది, ఏం చేయలేదు?

ఇక నాగలి. కర్రు అడుగున అడ్డంగా కోస్తుంది. దాని పక్క అంచు, లేదా ముందుండే చక్రపు కత్తి, నిలువుగా కోస్తుంది. కోసిన మట్టిపట్టీ రెక్క మీదికి ఎక్కి, అట్టు తిరగేసినట్టు బోర్లా పడుతుంది. పైనున్న చెత్త కిందికి పోతుంది. ఈ బోర్లా పడటానికి ఒక కొలత ఉంది. పట్టీ వెడల్పు దాని లోతుకు కనీసం ఒకటింపావు రెట్లు ఉండాలి, ఒకటిన్నర రెట్లుంటే నిలకడగా పడుతుంది. పన్నెండంగుళాల కర్రు అంటే ముప్పై సెంటీమీటర్ల వెడల్పు. దానికి ఇరవై సెంటీమీటర్లు, అంటే ఎనిమిదంగుళాలు, తగిన లోతు. ఇంకా లోతుకు దింపితే పట్టీ నిలువునా నిలబడుతుంది, లేదా వెనక్కి చాలులోనే పడుతుంది. కట్టె మళ్లీ పైకి తేలుతుంది. ఎంత లోతు దున్నితే అంత మేలన్న నమ్మకం మన రైతుల్లో బలంగా ఉంది. చెత్త పూడ్చే పనిలో మాత్రం అది ఎదురు తిరుగుతుంది.

ట్రాక్టరు శక్తి లెక్క కూడా ఇదే మాట చెబుతుంది. రెండు కర్రులు, ఒక్కోటి ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై లోతు అయితే కోసే ముఖం 1,200 చదరపు సెంటీమీటర్లు. పదునున్న రేగడిలో చదరపు సెంటీమీటరుకు ముప్పావు కిలో లాగుడు పడుతుందనుకుంటే మొత్తం 900 కిలోలు. పాత ముప్పై అయిదు హెచ్‌పీ ట్రాక్టరు బరువు పద్దెనిమిది వందల కిలోల దరిదాపుల్లో ఉంటుంది. దుక్కి నేలలో అది తన బరువులో సగం మేర లాగగలిగితే గొప్ప. అంటే సరిగ్గా అంచు మీద ఉన్నాం. నేల ఎండి గట్టిపడితే లాగుడు రెట్టింపు కావచ్చు. చక్రాలు తిరుగుతాయి, ట్రాక్టరు కదలదు, డీజిలు కాలుతుంది. దానికి రెండు దారులు. లోతు పదిహేను సెంటీమీటర్లకు తగ్గిస్తే భారం 675 కిలోలకు దిగుతుంది. లేదా వెనక కర్రు విప్పేసి ఒక్క కర్రుతో దున్నాలి. పాత నాగళ్లలో చాలావాటికి ఆ వెసులుబాటు ఉంటుంది. రెండో దారిలో ఇంకో లాభం ఉంది. రెండు కర్రుల మధ్య సందులో చెత్త ఇరుక్కుని కుప్పపడటం తప్పుతుంది.

చక్రపు కత్తి పోయిన పాత నాగళ్లే ఎక్కువ. దొరికితే ఒకటి బిగించుకోవడం మంచిది. కర్రు మొనకు కాస్త పైగా, గట్టు వైపు వేలెడు వెడల్పు బయటికి, దుక్కి లోతులో సగం దిగేలా పెట్టాలి. దొరకకపోతే పాతకాలపు ఉపాయం ఒకటుంది, గొలుసు. బరువైన ఇనుప గొలుసు ఒక కొస నాగలి దూలానికి, రెండో కొస రెక్క వైపు కట్టి, మధ్య భాగం వదులుగా తిరగబడే పట్టీ ముందు ఈడ్చుకుపోయేలా వదలాలి. పైకి లేచిన కట్టెనూ గడ్డినీ అది చాలులోకి నొక్కుతుంది, పట్టీ దాని మీద పడుతుంది. గొలుసు మరీ పొడవైతే మట్టి కింద చిక్కుతుంది, మరీ పొట్టిదైతే నొక్కదు. ఒక చాలు తోలి చూసి సరిచేసుకోవాలి.

అరిగిన కర్రు ఇంకో పెద్ద చిక్కు. కొత్త కర్రు మొన కొద్దిగా కిందికి వంగి ఉంటుంది, ఆ వంపే నాగలిని నేలలోకి లాగుతుంది. అరిగి చదునైన కర్రు పైపైన గీరుతూ పోతుంది. అప్పుడు టాప్ లింకు బిగించి ముక్కు వంచుతాం, నాగలి వాలిపోయి దిగుతుంది, చాలు మెట్లు మెట్లుగా వస్తుంది. టాప్ లింకుతో ఆట ఆపి కర్రును కమ్మరి కొలిమికి తీసుకెళ్లాలి.

తుప్పు గురించి ఒక్క మాట. రేగడి తడిగా ఉంటే జిగురు. తుప్పు పట్టిన రెక్క మీద మట్టి జారదు, అంటుకుపోతుంది, మట్టి మీద మట్టి రాసుకుంటూ పట్టీ తిరగకుండా పక్కకు నెట్టుకుపోతుంది. అమెరికా మధ్య మైదానాల నల్లమట్టిలో కూడా ఇదే బాధ ఉండేది. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి నునుపు చేసిన ఉక్కు రెక్కతో నాగలి చేశాడు, దాని మీద మట్టి నిలవకుండా జారింది, ఆ పేరు మీద పెరిగిన కంపెనీ ఇప్పుడు మన ఊళ్లకూ ట్రాక్టర్లు అమ్ముతోంది. మీ నాగలి రెక్కను ఇటుక ముక్కతోనో వైరు బ్రష్షుతోనో తోమి, మెరిసే దాకా రుద్ది, పని అయిపోయాక పాత ఇంజన్ ఆయిలు పూసి ఉంచితే చాలు. ఖర్చు లేని ఈ పనితో వచ్చే తేడాను మొదటి చాలులోనే చూడొచ్చు. పట్టీ పట్టీగా విడివిడిగా ఉండే రెక్కలు కూడా జిగురు నేలల కోసమే వచ్చాయి. పాత సామాను అమ్మే చోట కనిపిస్తే వదలకండి.

ఎద్దులే ఉన్న ఇంట్లో?

మహారాష్ట్రలో ఇనుప నాగలికి గొప్ప చరిత్ర ఉంది. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1903లో బెల్గాంలో ఇనుప నాగలి చేసినప్పుడు, ఇనుము నేలను విషం చేస్తుందని రైతులు భయపడ్డారు. మొదటి నాగళ్లు అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది. 1910లో ఔంధ్ సంస్థానంలో కిర్లోస్కర్‌వాడి వెలిశాక ఆ నాగళ్లు దక్కను అంతా పాకాయి. కర్ర నాగలి నేలను చీలుస్తుందే గానీ తిరగేయదు. చెత్తను కిందికి పంపే పని ఎద్దుల చేత చేయించిన ఘనత ఈ ఇనుప రెక్కదే.

అయితే ఎద్దు తన బరువులో పదో వంతు మాత్రమే రోజంతా నిలకడగా లాగగలదు. ఒక్కోటి నాలుగు వందల కిలోలున్న జతకు అది ఎనభై కిలోలు. అంటే అయిదారంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతే వాటి హద్దు, అదీ పదునున్నప్పుడే. ఈ లోతులో నిండు పత్తి కట్టె పూడదు. కాబట్టి ఎద్దుల ఇంట్లో కట్టెను చేను బయట బాట మీద నలిపి, పెంటతో కలిపి కుప్ప వేసి, తొలకరికి ముందు చల్లుకోవడమే సరైన దారి. చేనులో రాలిన ఆకు, చిన్న కొమ్మ, జొన్న కొయ్యలు, సోయా మోళ్లను మాత్రం నాగలితో, ఆ పైన గుంటకతో కలుపుకోవచ్చు. ఎద్దులతో పని నెమ్మది. కానీ అవి పదును ఉన్న రోజునే చేనులో ఉంటాయి, ట్రాక్టరు అద్దె కోసం ఎదురుచూడవు. ఆ లాభం చిన్నది కాదు.

ఎప్పుడు, ఎంత లోతు?

నాందేడ్ వైపు వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అక్టోబరులో కొసరు. రేగడి ఆ తడిని డిసెంబరు, జనవరి దాకా అడుగున దాచుకుంటుంది. ఫిబ్రవరి తర్వాత పై అడుగు ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పూడ్చిన కట్టె ఎండిన మట్టిలో అలాగే ఉంటుంది, చెదలకు తిండి తప్ప మరేం కాదు. అందుకే పంట ముగించే తేదీ, కట్టె కుళ్లే తేదీ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. డిసెంబరులో కట్టె లేపి, జనవరిలో నలిపి హారోతో నాలుగైదు అంగుళాల పై పొరలో కలిపితే, మిగిలిన తడి, పగటి వెచ్చదనం కలిసి పని మొదలుపెడతాయి. సగం పనే అవుతుంది. అది చాలు, బెరడు విడిపోతుంది. తిరగేసే దుక్కి ఆ వెంటనే, పదును మిగిలి ఉండగానే రావాలి.

ఇక్కడ పాత వాదం ఒకటి గుర్తుచేసుకోవాలి. 1943లో అమెరికాలోని ఒహాయోకు చెందిన ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఒకప్పటి వ్యవసాయాధికారి, తిరగేసే నాగలి పైనున్న చెత్తనంతా ఒక పొరగా లోతున పూడ్చి నేలను పాడుచేస్తోందని, దాన్ని డిస్కుతో పై పొరలోనే కలపాలని పుస్తకం రాసి పెద్ద దుమారం రేపాడు. ఆయన చెప్పిందంతా నేను ఒప్పుకోను. గులాబీ పురుగు ఉన్న చేనులో గుడ్డి కాయలను లోతుకు పంపడం అవసరం. కానీ చెత్త గాలి తగిలే పొరలో త్వరగా కుళ్లుతుందన్నది నిజం. లోతున, తడి రేగడిలో గాలి ఆడక అది పుల్లబడి ఆగిపోతుంది. అందుకే ముందు పైన కలపడం, ఆ పైన ఏడెనిమిది అంగుళాలకు మించకుండా తిరగేయడం.

ఏటా తిరగేయాలా? అక్కర్లేదు. రేగడిలోని బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుని పగుళ్లిస్తుంది. పై మట్టి పొడిగా మారి ఆ నెర్రెల్లోకి జారుతుంది. నేల తన్ను తాను దున్నుకుంటున్నట్టే. గులాబీ పురుగు బెడద లేని ఏడు, లేదా సోయా, మినుము వేసిన ఏడు, హారో, గుంటక చాలు. కలిసొచ్చిన డీజిలు డబ్బులు కర్రుకు పెట్టండి.

తర్వాతి పంట పసుపు పచ్చబడదా?

పడుతుంది, లెక్క తప్పితే. కట్టెను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కర్బనంతో పాటు నత్రజని కావాలి. టన్ను పత్తి కట్టెలో నత్రజని ఏడెనిమిది కిలోలు ఉంటుంది. నేల నుంచి అరువు తీసుకోకుండా కుళ్లాలంటే పన్నెండు నుంచి పదిహేను కిలోలు ఉండాలి. ఆ లోటును అవి మొలకల వాటాలోంచి తీసుకుంటాయి, విత్తిన మూడు నాలుగు వారాలకు చేను పాలిపోతుంది. ఆ నత్రజని నష్టమైపోదు. కుళ్లడం పూర్తయ్యాక నేలకే తిరిగి వస్తుంది, మొలకకు అవసరమైన వేళకు మాత్రం అందదు.

టన్నుకు అయిదారు కిలోల లోటు అంటే పదకొండు నుంచి పదమూడు కిలోల యూరియా. చెరకు ఆకును కుళ్లబెట్టడానికి మహారాష్ట్రలో చెప్పే లెక్క కూడా ఇలాగే ఉంటుంది: టన్ను ఆకుకు 8 కిలోల యూరియా, 10 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, కిలో కుళ్లబెట్టే జీవాణు ఎరువు. మంద కట్టినా, టన్నుల్లో పెంట తోలినా యూరియా తగ్గించుకోవచ్చు. వేసేటప్పుడు ఒక జాగ్రత్త. సున్నం ఎక్కువున్న మన రేగడిలో పైన చల్లి వదిలిన యూరియా అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. కట్టె మీద చల్లిన రోజే హారో తోలాలి. నేల పూర్తిగా ఎండి ఉంటే అప్పుడు వేయకండి, తొలకరికి దాచండి.

అర్ధాపూర్, ముద్‌ఖేడ్ వైపు చెరకు వేసేవారు ఆకును పూడ్చే తిప్పలు పడనక్కర్లేదు. కార్శి చెరకులో సాళ్ల మధ్య పరిచి, పై లెక్క ప్రకారం ఎరువు చల్లి, నీరు పారిస్తే అది అక్కడే మెత్తబడుతుంది, తడీ నిలుస్తుంది.

ఒక్క చోట మాత్రం పూడ్చవద్దు. ఎండు తెగులుతో చచ్చిన మొక్కలున్న మడులు. ఆ బూజు నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కట్టెను కలిపితే దాన్ని చేనంతా పంచినట్టవుతుంది. అక్కడివి వేరుతో పీకి చేను దాటించి కాల్చడమే మేలు.

మృగశిరలో వాన మొదలై 75 నుంచి 100 మిల్లీమీటర్లు పడ్డాక విత్తమని మహారాష్ట్రలో వ్యవసాయాధికారులు చెబుతారు. ఈ లోగా ఒక పని చేసి చూసుకోండి. మంచి వాన పడ్డ పది పదిహేను రోజులకు, చేనులో నాలుగైదు చోట్ల పారతో ఎనిమిదంగుళాలు తవ్వండి. దొరికిన కట్టె ముక్కను రెండు చేతులతో వంచండి. పుటుక్కున విరిగి లోపల తెల్లగా ఉంటే కుళ్లడం ఇంకా మొదలే కాలేదు. అక్కడ పత్తి పెట్టే ముందు నత్రజని వాటా విత్తనంతోనే కాస్త పెంచి ఇవ్వాలి. మెత్తగా వంగి, పీచు పీచుగా విడిపోయి, అడవి మట్టి వాసన వస్తే భయం లేదు. పుల్లటి, మురుగు వాసన వస్తే నీరు నిలిచి గాలి ఆడలేదని అర్థం, చేనుకు కాలువ తీయించాలి. మట్టి పరీక్ష చేయించుకోవాలంటే బిలోలి తాలూకాలోనే సగ్రోళి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నమూనా తీసేటప్పుడు కట్టె ముక్కలు ఏరేసి, మట్టి మాత్రమే పట్టుకెళ్లండి.